మూడు నెలలుగా జీతం లేదు, ఓడ లంగరు మీద ఉంది: తమ్ముణ్ని ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: మాది గంజాం జిల్లా, ఛత్రపురం దగ్గర పల్లె. మా తమ్ముడు ఓడ సిబ్బందికి ఇచ్చే జీపీ రేటింగ్ కోర్సు చేసి రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. పుస్తెలతాడు తాకట్టు పెట్టి, వడ్డీకి కొంత తెచ్చి, ఇచ్ఛాపురంలో ఒక ఏజెంటుకి మూడున్నర లక్షలు కట్టాం. టూరిస్టు వీసా మీద దుబాయ్ పంపి, అక్కడ పనామా జెండా ఉన్న చిన్న సరుకు ఓడ ఎక్కించాడు. ఎక్కి అయిదు నెలలైంది. మొదటి రెండు నెలలూ జీతం వచ్చింది, తర్వాత మూడు నెలలుగా పైసా లేదు. నలుగురు దిగిపోతే వాళ్ల బదులు ఎవరినీ తేలేదు, ఉన్నవాళ్లతోనే పదహారు గంటలు చేయించారు. ఇప్పుడు నెలన్నరగా ఓడ గల్ఫ్‌లో లంగరేసి ఉంది. మంచినీళ్లు, కూరలు అయిపోవచ్చాయట. కంప్లయింటు ఇస్తే బ్లాక్‌లిస్టులో పడతావని కెప్టెన్ అంటున్నాడు. ఇంకో నెల ఓపిక పట్టమని ఏజెంటు అంటున్నాడు. ఇంతలో మా చిన్నాన్న కొడుకు అదే ఏజెంటుకి నాలుగు లక్షలు కట్టబోతున్నాడు. జీతం వస్తుందా? తమ్ముడు ఇంటికెలా వస్తాడు?
– ఒక అక్క

సమాధానం:

అమ్మా, ఏజెంటు అడుగుతున్న ఆ "ఇంకో నెల" మాత్రం ఇవ్వకండి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ప్రమాదమైన మాట అదే.

ఓడ మీద పనిచేసేవాళ్ల హక్కులన్నిటికీ ఆధారం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన సముద్ర కార్మిక ఒప్పందం. షిప్పింగులో అందరూ ఎమ్మెల్సీ అంటారు. ఇది 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది. పనామా జెండా అంటే ఓడ ఆ దేశంలో రిజిస్టరైందని అర్థం, పనామా దీన్ని ఒప్పుకున్న దేశమే. మన దేశం 2015లో ఒప్పుకుంది. దీనికి చేసిన ఒక సవరణ 2017 జనవరి 18న అమల్లోకి వచ్చింది, మీ తమ్ముడి కేసుకు అసలైన ఆయుధం అదే. నావికుణ్ని ఇంటికి పంపే ఖర్చు యజమాని పెట్టకపోయినా, తిండి, మంచినీళ్లు, వైద్యం, బతకడానికి కావలసినంత ఇంధనం ఇవ్వకపోయినా, కనీసం రెండు నెలల జీతం ఎగ్గొట్టినా ఆ నావికుణ్ని గాలికి వదిలేసినట్టే లెక్క. ఇందులో ఏ ఒక్కటి జరిగినా చాలు. మీవాడికి జీతం సంగతి ఎప్పుడో తేలిపోయింది, నీళ్ల సంగతి తేలబోతోంది.

ఇలాంటి రోజు వస్తే ఆదుకోవడానికి ప్రతి యజమానీ ముందే బీమా కట్టి ఉండాలి. విమానం టికెట్టు, ఇల్లు చేరేదాకా తిండి, నీళ్లు, వైద్యం ఆ బీమా కంపెనీయే చూసుకోవాలి. బకాయి జీతం కూడా ఇవ్వాలి, అయితే నాలుగు నెలల వరకే. ఇప్పుడు లెక్క వేసుకోండి. రెండు నెలలు దాటగానే హక్కు పుట్టింది. మూడు నెలల బకాయి ఉంది కాబట్టి ఇవాళ అడిగితే మొత్తం బీమా కిందికి వస్తుంది. ఏజెంటు మాట విని నెల ఆగితే నాలుగు నిండుతుంది. ఆపైన గడిచే ప్రతి నెల జీతానికీ బీమా పూచీ ఉండదు, ఓడను కోర్టులో పట్టుకుని రాబట్టుకోవాల్సిందే. ఆగమని చెప్పేవాళ్లు ఈ లెక్క తెలియక చెప్తున్నారని అనుకోనక్కర్లేదు.

ఈ రాత్రే తమ్ముడికి ఒక పని చెప్పండి. ఓడలో భోజనాల గది దగ్గరో, నోటీసు బోర్డు మీదో ఆ బీమా సర్టిఫికెట్టు అతికించి ఉంటుంది. అందరికీ కనబడేలా ఇంగ్లీషులో పెట్టాలన్నది నిబంధన. సాధారణంగా పక్కపక్కన రెండు ఉంటాయి. ఒకటి చావు, అంగవైకల్యం పరిహారానికి. మనకు కావలసింది రెండోది, రిపాట్రియేషన్, అంటే ఇంటికి పంపడం, అన్న మాట ఉన్నది. దాని మీద ఓడ పేరు, ఓడ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఓ నంబరు, యజమాని పేరు, బీమా ఇచ్చిన సంస్థ పేరు, నావికుల క్లెయిములు చూసేవాళ్ల ఫోను, మెయిలు, గడువు తేదీ అన్నీ ఉంటాయి. అక్షరాలు చదవగలిగేలా దగ్గర నుంచి ఫొటో తీయమనండి. "ఆ బీమా క్యాన్సిల్ అయిపోయింది" అని ఎవరైనా అంటే అక్కడితో వదిలేయొద్దు. గడువు లోపల బీమా ఆపాలంటే ఆ సంస్థ కనీసం 30 రోజుల ముందు జెండా దేశానికి, అంటే పనామాకి, తెలియజేయాలి. చెప్పాపెట్టకుండా తెంచడానికి వీల్లేదు.

అదే వరసలో ఇంకొన్ని ఫొటోలు. కాంట్రాక్టులో ప్రతి పేజీ, ఇప్పటిదాకా ఇచ్చిన జీతం స్లిప్పులు, సీడీసీలో, అంటే నావికుడి గుర్తింపు పుస్తకంలో, ఓడ ఎక్కినట్టు ముద్ర ఉంటే ఆ పేజీ, పాస్‌పోర్టులో దుబాయ్ ఎంట్రీ స్టాంపు, క్రూ లిస్టు, మంచినీళ్ల ట్యాంకు కొలత, వంటగది స్టోరు. ఫోనులో జీపీఎస్ ఆన్ చేసి ఓడ ఉన్న చోటు అక్షాంశం, రేఖాంశం స్క్రీన్‌షాట్ తీయాలి. లంగరేసిన చోటు ఏ పోర్టు పరిధిలోకి వస్తుందో తేలితేనే అక్కడి అధికారుల్ని కదిలించగలం. ఇవన్నీ వెంటనే మీకు పంపేయాలి. డీజిలు తగ్గితే ముందు జనరేటరు గంటల లెక్కన నడుపుతారు. ఆ తర్వాత ఫోను చార్జింగుకే కరువొస్తుంది.

ఇక మెయిలు. ఇంగ్లీషులో పదిహేను లైన్లు చాలు, కష్టాల కథ వద్దు. ఓడ పేరు, ఐఎంఓ నంబరు, జెండా, ఇప్పుడున్న చోటు, యజమాని పేరు, ఓడలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో మనవాళ్లెందరు అన్నది మొదట. తర్వాత తమ్ముడి పేరు, హోదా, ఇండోస్ నంబరు (మన దేశంలో నావికుడికి ఇచ్చే నమోదు సంఖ్య), సీడీసీ నంబరు, ఓడ ఎక్కిన తేదీ, కాంట్రాక్టు జీతం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు జీతం లేదు, మొత్తం ఎన్ని డాలర్లు. ఆపైన నీళ్లు ఎన్ని రోజులకు, తిండి ఎన్ని రోజులకు సరిపోతాయి, ఎవరికైనా జబ్బు చేసిందా. చివర ఏం కావాలో సూటిగా: బకాయి జీతం, సరుకులు, ఇంటికి టికెట్టు.

మొత్తం లెక్కలో సెలవు జీతం మర్చిపోకండి. పనిచేసిన ప్రతి నెలకూ కనీసం రెండున్నర రోజుల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. బేసిక్ 450 డాలర్లు అనుకుంటే రోజుకు 15, రెండున్నర రోజులకు 37.50 డాలర్లు. అయిదు నెలలకు 187.50. చిన్న మొత్తమే అనిపిస్తుంది కానీ అడగనివాళ్లకు ఇవ్వరు.

ఈ మెయిలు ఒక్కొక్కరికీ విడివిడిగా కాకుండా అందరికీ ఒకేసారి, అందరి అడ్రసులూ కనబడేలా పంపండి. బీమా సంస్థ, పనామా మారిటైమ్ అథారిటీ, ముంబైలో నౌకాయానం చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డీజీ షిప్పింగ్, ఓడ లంగరేసి ఉన్న దేశంలోని మన రాయబార కార్యాలయం, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్. ఇలా పంపితే వేరేవాళ్లు చూసుకుంటున్నారులే అని ఎవరూ కూర్చోలేరు. రాయబార కార్యాలయానికి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి, దానికి నంబరు వస్తుంది, ఆ నంబరుతో వెంటపడొచ్చు. ఐటీఎఫ్ సాయం కావాలంటే యూనియన్ సభ్యత్వం ఉండి తీరాలని లేదు. వాళ్లు కేసు తీసుకుంటే, వదిలేసిన ఓడల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ కలిసి నడిపే జాబితాలో ఓడ పేరు ఎక్కించగలరు. ఆ జాబితాలో పేరు పడితే జెండా దేశానికీ బీమా సంస్థకూ తప్పించుకోవడం కష్టం.

తమ్ముడి తరఫున మీరు మాట్లాడాలంటే ఒక కాగితం కావాలి. "నా జీతం, నా ప్రయాణం విషయంలో మా అక్క ఫలానా నా ప్రతినిధి" అని రాసి, సంతకం, తేదీ, పాస్‌పోర్టు నంబరు వేసి ఫొటో పంపమనండి. నావికుడు గానీ అతను చెప్పిన ప్రతినిధి గానీ బీమా అడగొచ్చు. ఓడలో నెట్ పోతే మీరే అతని గొంతు.

కెప్టెన్‌తో గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఇలాంటి ఓడల్లో చాలాసార్లు కెప్టెన్‌కీ జీతం రాదు, అతనూ యజమాని ఫోను కోసం చూస్తూ కూర్చుంటాడు. మిగిలినవాళ్లంతా కలిసి ఒక ఫిర్యాదు రాసి అతని చేతికిచ్చి, కాపీ మీద "అందింది" అని సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టకపోతే ఎవరి ఎదుట, ఏ తేదీన ఇచ్చారో రాసుకుంటే చాలు. ఓడలో ఫిర్యాదు చేశాకే బయటికి వెళ్లాలన్న షరతు ఎమ్మెల్సీలో లేదు. ఫిర్యాదు చేసినవాణ్ని వేధించడం నిషేధం. నావికుడికి వేరే పని దొరక్కుండా ఏజెన్సీలు జాబితాలు నడపడం కూడా నిషేధమే. ఆచారంలో అలాంటివి అసలు లేవనలేం. కానీ లైసెన్సు లేని ఏజెంటు ద్వారా ఎక్కించిన, జీతాలివ్వలేని ఓడ పెట్టే బ్లాక్‌లిస్టును మంచి కంపెనీ ఏదీ లెక్కచేయదు.

చేయకూడనివి కూడా తమ్ముడికి చెప్పండి. జీతం మొత్తం ముట్టిందన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. సగం డబ్బు, టికెట్టు ఇచ్చి సంతకం పెట్టమంటారు, బడలిక మీద ఉన్నవాడు పెట్టేస్తాడు. తప్పనిసరైతే సంతకం పక్కనే చేత్తో "ఇంకా ఇన్ని డాలర్లు రావాలి" అని రాసి తేదీ వేయాలి, ఆ కాగితం ఫొటో తీసుకోవాలి. ఇంజిను ఆపడం, లంగరు దగ్గర కాపలా మానేయడం లాంటివి వద్దు, ప్రాణాపాయం, నేరం రెండూ అవుతాయి. ఓడ దిగి పారిపోవడం అంతకన్నా వద్దు. టూరిస్టు వీసా మీద వచ్చినవాడు కాబట్టి ఇమ్మిగ్రేషన్ చిక్కులు ఎలాగూ ఉంటాయి, వాటిని కాన్సులేటు ద్వారానే విప్పాలి. కన్నీళ్ల వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. గల్ఫ్ దేశాల్లో సైబర్ చట్టాలు గట్టివి. ఆ తీరాన ఉన్నంతకాలం పేర్లు పెట్టి తిట్టే వీడియోలు మానుకోవడం మంచిది.

ఒక ఆలస్యానికి ముందే మనసు సిద్ధం చేసుకోండి. అందరినీ ఒక్కరోజే దింపరు. ఖాళీ ఓడ కొట్టుకుపోతే ప్రమాదం కాబట్టి కనీసం కొంతమంది ఉండాలని పోర్టు వాళ్లు పట్టుబడతారు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది జబ్బు, కాంట్రాక్టు ముగిసిన తేదీ చూసి సిబ్బందే రాసుకుంటే నయం. లేకపోతే నోరున్నవాడు ముందు దిగిపోతాడు.

పదహారు గంటల పని సంగతి. ఎమ్మెల్సీలో దేశాలు రెండు లెక్కల్లో ఒకటి ఎంచుకుంటాయి: పని 24 గంటల్లో 14, వారంలో 72 దాటకూడదు, లేదా విశ్రాంతి 24 గంటల్లో 10, వారంలో 77కి తగ్గకూడదు. ఆ పది గంటల్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒక ముక్క ఆరు గంటలకు తగ్గకూడదు. మోసం ఎక్కువగా ముక్కల దగ్గరే జరుగుతుంది. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు వాచ్, మళ్లీ ఎనిమిది నుంచి పన్నెండు వాచ్, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా తుప్పు గీకే పని, రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఓడను రేవుకు కట్టడానికి తాళ్ల దగ్గర. కూడితే పని 14 గంటలే, విశ్రాంతి పది, పైకి సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ పది గంటలూ నాలుగు, ఒకటి, మూడు, రెండుగా ముక్కలైపోయాయి, ఆరు గంటల నిద్ర ఎక్కడా లేదు. రూలు తప్పినట్టే. రిజిస్టరులో మాత్రం నెల మొత్తానికీ ముందే నింపేసి సంతకం పెట్టమంటారు. ఆ రిజిస్టరు కాపీ నావికుడికి ఇవ్వాలి. తమ్ముడి దగ్గర చిన్న నోటుబుక్కులో రోజువారీ రాతలుంటే దాని ఫొటోలు, లేకపోతే గుర్తున్నంతవరకు తేదీలతో ఇప్పుడైనా రాసిపెట్టమనండి. నలుగురు తగ్గిన తేదీ నుంచి ఓడకు కావలసిన కనీస సిబ్బంది ఉన్నారా లేదా అన్నది పోర్టు ఇన్‌స్పెక్టరు చూసే మొదటి విషయాల్లో ఒకటి. కనీస సిబ్బంది సర్టిఫికెట్టు కూడా ఓడలో ఉంటుంది, ఫొటో తీయండి.

బీమా లేదని తేలినా, నాలుగు నెలలు దాటిపోయినా దారి మూసుకుపోదు. సిబ్బంది జీతానికి ఓడ మీదే హక్కు ఉంటుంది, యజమాని మారినా అది ఓడను అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ ఓడ ఎప్పుడైనా మన రేవుకొస్తే, ఓడల వివాదాలకు సంబంధించిన 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం కింద కోర్టు దాన్ని కదలకుండా ఆపగలదు. పారాదీప్‌కో, గోపాలపూర్‌కో వస్తే కటక్‌లోని ఒడిశా హైకోర్టు, విశాఖకొస్తే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. ఓడ అమ్మిన డబ్బులో అలాంటి హక్కులన్నిటిలోకీ సిబ్బంది జీతానిదే మొదటి వరస. జీతం రావాల్సిన తేదీ నుంచి రెండేళ్ల లోపు కదలాలి. లైసెన్సు లేని ఏజెంటు ద్వారా వెళ్లాడు కదా, హక్కు పోతుందేమో అన్న భయం వద్దు, ఓడ మీద పని చేసినవాడికి జీతం రావాల్సిందే.

ఏజెంటు విషయానికి వద్దాం. నావికుడికి ఉద్యోగం ఇప్పించినందుకు అతని దగ్గర డబ్బు తీసుకోకూడదు. మెడికల్ సర్టిఫికెట్టు, సీడీసీ, పాస్‌పోర్టు ఖర్చులు మాత్రం నావికుడివి, వీసా ఖర్చు యజమానిదే. ఏజెన్సీ నడపాలంటే డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. మీరు కట్టిన మూడున్నర లక్షలకు "ప్రాసెసింగ్" అని పేరు పెట్టినా "జాయినింగ్ చార్జి" అని పేరు పెట్టినా అది నావికుడు పెట్టుకోవాల్సిన ఖర్చుల్లోకి రాదు.

ఏజెంటు మీద పోలీసు ఫిర్యాదుకు వెళ్తే సరిహద్దు ఊళ్లకు అలవాటైన జవాబే ఎదురవుతుంది. ఇటు వాళ్లు "ఏజెంటు ఆంధ్రా వాడు, ఇచ్ఛాపురం వెళ్లండి" అంటారు, అటు వాళ్లు "మీరు ఒడిశా వాళ్లు, డబ్బు అక్కడే చేతులు మారింది" అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఛత్రపురంలోనే ఇవ్వండి. తీసుకోకపోతే అదే కాగితం గంజాం ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మోసానికి న్యాయ సంహితలో 318వ సెక్షను. ఫిర్యాదు ఒడియాలో రాయించి తీసుకెళ్తే స్టేషనులో పని తొందరగా జరుగుతుంది. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఒడియాలో చదువుకున్న పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు కదా. ఫోన్‌పే, బ్యాంకు వివరాలు, వాట్సాప్ మాటలు చెరపకుండా అసలు ఫోనులోనే ఉంచండి. చేతికిచ్చిన నగదుకు ఎవరెవరు సాక్షులో పేర్లు రాయండి. పదో తరగతి సర్టిఫికెట్టు లాంటి ఒరిజినల్స్ ఏజెంటు దగ్గర ఉండిపోతే అది కూడా ఫిర్యాదులో చేర్చండి.

కేసు అనగానే ఏజెంటు దిగొస్తాడు. లక్షో, లక్షన్నరో చేతిలో పెట్టి, స్టాంపు పేపరు మీద రాజీ రాయించుకోబోతాడు. తమ్ముడు గడప తొక్కకముందు ఆ కాగితం జోలికి పోకండి. దాన్ని తీసుకెళ్లి అందరికీ "వాళ్లకేం ఫిర్యాదు లేదు" అని చూపిస్తాడు.

మీ చిన్నాన్న కొడుకు డబ్బు కట్టకూడదు. ఈ ఏజెంటుకే కాదు, ఏ ఏజెంటుకీ. కోర్సు పూర్తి చేసిన కుర్రాళ్లు ఎక్కువ, మొదటి ఓడ అవకాశాలు తక్కువ. ఈ లంచాల బేరం అందుకే నడుస్తోంది. పని చెప్తామన్న ప్రతివాణ్ని ముందు ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు అడగమనండి. డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఆ జాబితా ఉంది. పేరు ఒక్కటే కలిస్తే చాలదు. లైసెన్సు చెల్లుబాటులో ఉందా, సస్పెండు అయిందా, అడ్రసు ఇదేనా చూడాలి. పెద్ద కంపెనీ లైసెన్సు నంబరు తమ కార్డు మీద అచ్చేసుకునే దొంగలు ఉన్నారు. కార్డు మీది ఫోనుకు కాకుండా వెబ్‌సైటులో ఉన్న ఫోనుకే చేసి, "ఇచ్ఛాపురంలో మీ మనిషి ఉన్నాడా?" అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

తర్వాత ఓడ పేరు, ఏడంకెల ఐఎంఓ నంబరు. ఆ నంబరు నిజమైనదో కాదో కాగితం మీదే చూడొచ్చు. మొదటి ఆరు అంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, వచ్చిన మొత్తంలో చివరి అంకె ఏడో అంకెతో కలవాలి. 9074729 తీసుకోండి: 63, 0, 35, 16, 21, 4. మొత్తం 139, చివర 9, నంబరు చివర కూడా 9. ఇది కలిస్తే నంబరు పద్ధతిగా ఉందని మాత్రమే అర్థం, ఓడ మంచిదని కాదు. అందుకని ఈక్వాసిస్ అనే ఉచిత వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూడాలి. ఓడ వయసు, యజమాని, బీమా సంస్థ, పోర్టుల్లో ఎన్నిసార్లు ఆపేశారు అన్నీ కనబడతాయి. ముప్ఫై ఏళ్ల ఓడ, ఏడాదిలో జెండా రెండుసార్లు మారింది, బీమా గడి ఖాళీగా ఉంది అంటే ఇంటి దగ్గరే ఉండమనండి.

కాంట్రాక్టు ఊళ్లో ఉండగానే చేతికి రావాలి, దుబాయ్ హోటల్లో కాదు. యజమాని పేరు, అడ్రసు, హోదా, బేసిక్ ఎంత, ఓవర్‌టైమ్ ఎంత, సెలవు జీతం, ఎన్ని నెలలు, ఇంటికి తిరుగు ఖర్చు ఎవరిది, నోటీసు కనీసం ఏడు రోజులు, ఇవన్నీ అందులో ఉండాలి. అనుభవమున్న నావికుడికి, అంటే ఏబుల్ సీమ్యాన్‌కు అంతర్జాతీయంగా ఒప్పుకున్న కనీస బేసిక్ 2025లో నెలకు 673 డాలర్లు ఉండేది. కొత్తవాడికి అంత రాదు, కానీ "ట్రెయినీ" అని రాసి పూర్తి పని చేయించే కాంట్రాక్టు మీద సంతకం పెట్టకూడదు. జీతంలో ఎంత భాగం ఇంటి ఖాతాకి నేరుగా పంపాలో కూడా అందులోనే రాయించుకోవచ్చు. అది రాయించి ఉంటే, జీతం ఆగిన మొదటి నెలే మీకు తెలిసిపోతుంది, తమ్ముడు మిమ్మల్ని కంగారు పెట్టకూడదని దాచడానికి కుదరదు.

వీసా మాట చివర. ఓడ ఎక్కడానికి వెళ్లేవాడు సీడీసీ, కాంట్రాక్టు, కంపెనీ జాయినింగ్ లెటరు పట్టుకుని నావికుడిగానే ఇమ్మిగ్రేషన్ దాటాలి. "ఆఫీసరు అడిగితే టూరిస్టునని చెప్పు" అని ఎవరైనా అంటే, విమానాశ్రయంలో ఉన్నా సరే వెనక్కి తిరగమనండి. అలా ఎక్కిన ఓడలో చేసిన సీ టైమ్, అంటే ఓడ మీద పనిచేసిన కాలం, రేపు పరీక్షల దగ్గర లెక్కకు రావడం కూడా కష్టం.